ఊక బూడిదలో అస్ఫటిక సిలికా: కాకుమాను పరిసరాల వరిసీమ నుంచి ఒక పరిశీలన

వరి ఊకను కాలిస్తే మిగిలే బూడిదలో అధిక భాగం సిలికా. ఇది రెండు స్థితుల్లో దొరుకుతుంది. సిలికాన్, ఆక్సిజన్ పరమాణువులు దూరం దాకా సాగే క్రమమేదీ లేకుండా అల్లుకుని ఉంటే అది అస్ఫటిక సిలికా. అవే పరమాణువులు వరుస తప్పకుండా అమరితే స్ఫటిక సిలికా. ఊక బూడిదలో ఈ రెండో రకం ముఖ్యంగా క్రిస్టోబలైట్, కొన్నిసార్లు ట్రిడిమైట్ రూపంలో కనిపిస్తుంది. అస్ఫటిక సిలికా సున్నంతోనూ క్షారంతోనూ చురుగ్గా చర్య జరుపుతుంది. స్ఫటిక సిలికా అంత సులభంగా లొంగదు, పైగా దాని సన్నని ధూళి ఊపిరితిత్తులకు చేటు. మామూలు రసాయన విశ్లేషణలో మాత్రం రెండూ కలిసి ఒకే అంకెగా బయటికొస్తాయి. ఒక బూడిదలో 90 శాతం సిలికా ఉందని చెప్పినంత మాత్రాన అది సిమెంటులో కలపడానికి పనికొస్తుందో లేదో, దాన్ని ఎత్తే కూలీకి ప్రమాదమో కాదో తేలదు. అందులో అస్ఫటిక భాగం ఎంతో విడిగా కొలవాలి.

కాకుమాను, చుట్టుపక్కల

కాకుమాను గుంటూరు జిల్లాలో మండల కేంద్రం, కృష్ణా పశ్చిమ డెల్టాలోని ఊరు. 2022 ఏప్రిల్ 4న జిల్లాలను పునర్విభజించినప్పుడు బాపట్ల, రేపల్లె కొత్త బాపట్ల జిల్లాలోకి వెళ్లాయి. తెనాలి, కాకుమాను గుంటూరు జిల్లాలోనే ఉండిపోయాయి. పాలన ఎలా మారినా ఈ ఊళ్లన్నిటికీ నీరు ఒకటే. విజయవాడ దగ్గర 1855లో పూర్తయిన ఆనకట్ట, అది దెబ్బతిన్నాక 1957 నాటికి సిద్ధమైన ప్రకాశం బ్యారేజీ ఈ నేలను మాగాణి చేశాయి. దుగ్గిరాల దగ్గర మొదలై పెదగంజాం దాకా సాగే కొమ్మమూరు కాలువ పశ్చిమ డెల్టాకు ప్రధాన జీవనాడి. సార్వా వరి కోశాక అదే పదునులో మినుము, పెసర వేయడం, ఇటీవలి దశాబ్దాల్లో దున్నకుండానే మొక్కజొన్న పెట్టడం ఇక్కడి అలవాటు.

వరి పరిశోధనలో ఈ ప్రాంతం పేరు దేశమంతా తెలుసు. బాపట్లలో 1945లో వ్యవసాయ కళాశాల మొదలైంది. అక్కడి పరిశోధన స్థానం రూపొందించిన బీపీటీ 5204 రకం 1986లో సాంబ మసూరి పేరుతో విడుదలై దక్షిణ భారతమంతటా అన్నంలోకి వచ్చింది. పంట కోత తర్వాత చేసే పనుల మీద పరిశోధించే కేంద్రం కూడా బాపట్లలో ఉంది. బియ్యం మీద ఇంత శ్రద్ధ పెట్టిన చోట ఊక బూడిద మీద కూడా అంత శ్రద్ధ పెట్టడం న్యాయం. ధాన్యం బరువులో దాదాపు ఐదో వంతు ఊకే. కాల్చిన ఊకలో మళ్లీ దాదాపు ఐదో వంతు బూడిదగా మిగులుతుంది. అంటే టన్ను ధాన్యానికి సుమారు 200 కిలోల ఊక, 40 కిలోల బూడిద. ఆ బూడిదలో సిలికా సాధారణంగా 85 నుంచి 95 శాతం దాకా ఉంటుంది. పంటల్లో ఇంత శుభ్రమైన సిలికాను ఇంత మోతాదులో ఇచ్చేది మరొకటి కనబడదు.

ఏ మిల్లులో పట్టించారన్నది కూడా బూడిద మీద ప్రభావం చూపుతుంది. పాత హల్లరు మిల్లుల్లో ఊక, తవుడు కలిసి నలిగి బయటికొచ్చేవి. తవుడులో భాస్వరం, పొటాషియం ఎక్కువ కాబట్టి ఆ మిశ్రమాన్ని కాలిస్తే వచ్చే బూడిద వేరుగా ఉంటుంది. రబ్బరు రోలర్ల మిల్లుల్లో ఊక పెద్ద ముక్కలుగా, తవుడు అంటకుండా విడిగా వస్తుంది. ఉప్పుడు బియ్యం తయారుచేసే మిల్లు ఆవిరి కోసం తన ఊకను తన బాయిలర్లోనే కాలుస్తుంది. పచ్చి బియ్యం మిల్లుకు ఆ అవసరం లేదు కనుక దాని ఊక ఇటుక బట్టీకో, విద్యుత్ కేంద్రానికో, మరో బాయిలర్‌కో వెళుతుంది. ఒకే పొలంలో పండిన ధాన్యం ఊక మూడు చోట్ల కాలి మూడు రకాల బూడిద కావచ్చు.

మొక్కలో సిలికా, మంటలో దాని మార్పు

వరి మొక్క నేలనీటిలో కరిగివున్న సిలిసిక్ ఆమ్లాన్ని వేళ్లతో పనిగట్టుకుని పీల్చుకుంటుంది. ఆ పని చేసే రవాణా ప్రోటీన్ల జన్యువులను జపాన్‌లోని ఒకాయామా విశ్వవిద్యాలయంలో జియాన్ ఫెంగ్ మా బృందం గుర్తించింది. మొదటిదాన్ని 2006లో, రెండోదాన్ని 2007లో ప్రకటించారు. నీరు ఆవిరైపోయే ఆకుల్లో, ఊక పైపొరలో ఈ ఆమ్లం చిక్కబడి నీరు కలిసిన అస్ఫటిక సిలికాగా గట్టిపడుతుంది. ఊకను సూక్ష్మదర్శినిలో చూస్తే బయటి ముఖం మీద వరుసలుగా బుడిపెలు కనిపిస్తాయి. సిలికా ఎక్కువగా చేరేది అక్కడే. లోపలి ముఖం వైపు కొంత, నడుమ బాగా తక్కువ. అంటే పొలంలో ఉన్నంతవరకు ఊకలోని సిలికా అంతా అస్ఫటికమే. దాన్ని స్ఫటికంగా మార్చేది మనం పెట్టే మంట.

సుమారు 500 నుంచి 700 డిగ్రీల సెల్సియస్ మధ్య, గాలి బాగా ఆడేలా కాలిస్తే సెల్యులోజ్, లిగ్నిన్ పోయి సిలికా అస్ఫటికంగానే మిగులుతుంది. ఆ పైన వేడి పెరిగేకొద్దీ, ఎక్కువసేపు నిలిచేకొద్దీ క్రిస్టోబలైట్ పుడుతుంది. ఎన్ని డిగ్రీలన్నదొక్కటే చూస్తే చాలదు, ఎంతసేపన్నదీ చూడాలి. కొద్ది క్షణాలు 800 దాటిన బూడిద అస్ఫటికంగానే ఉండిపోవచ్చు. కుప్పలో గంటల తరబడి మగ్గిన బూడిద అంతకన్నా తక్కువ వేడిలోనే మారడం మొదలుపెట్టవచ్చు. దీనిలో పొటాషియం పాత్ర పెద్దది. అది సిలికాను తక్కువ వేడిలోనే మెత్తబరిచి స్ఫటికం కట్టడానికి తోడ్పడుతుంది. అంతేకాదు, కరిగిన పొర బొగ్గు రేణువులను చుట్టేసి గాలి తగలకుండా చేస్తుంది. ఎంత కాల్చినా నలుపు విడవని బూడిద వెనక చాలాసార్లు ఈ కారణమే ఉంటుంది. కాల్చేముందే ఊకను పలుచని హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో కడిగితే పొటాషియం పోతుంది. అప్పుడు తెల్లని, 99 శాతం దాకా శుద్ధమైన అస్ఫటిక సిలికా దొరుకుతుంది.

రంగును బట్టి నాణ్యత తేల్చేయడం మిల్లుల్లోనూ నిర్మాణ పనుల్లోనూ అలవాటు. తెల్లగా ఉంటే మంచిది, నల్లగా ఉంటే చెడ్డది అంటారు. ఈ నమ్మకం సరైంది కాదు. నలుపు బొగ్గు మిగిలిందని మాత్రమే చెబుతుంది. మసిలా నల్లగా ఉన్న బూడిదలో సిలికా పూర్తిగా అస్ఫటికంగా ఉండవచ్చు. పాల తెలుపులోనో లేత గులాబీ రంగులోనో మెరిసే బూడిద అతివేడికి గురై క్రిస్టోబలైట్‌గా మారినదై ఉండవచ్చు.

అధ్యయన చరిత్ర

ఊక బూడిదను సున్నంలోనో సిమెంటులోనో కలపవచ్చన్న ఆలోచన పాతదే అయినా, మంటను అదుపులో పెట్టి అస్ఫటిక సిలికాను కాపాడాలన్న స్పష్టత 1970ల్లో వచ్చింది. అమెరికాలో నార్మన్ పిట్ ఊకను కాల్చి సిలికా బూడిద తీసే విధానానికి 1976లో పేటెంటు పొందాడు. బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో పనిచేసిన భారతీయ మూలాల కాంక్రీటు శాస్త్రవేత్త పి. కుమార్ మెహతా ఆ రకం బూడిదతో తయారయ్యే సిమెంట్లకు 1978లో పేటెంటు పొందాడు. 1979 జనవరిలో పెషావర్‌లో ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ తదితరులు ఊక బూడిద సిమెంటు మీద ప్రత్యేక సదస్సు నడిపారు. వరి పండించే ఆసియా దేశాలకు ఇది చవక ఇంటి సిమెంటు అవుతుందని అప్పట్లో గట్టి ఆశ.

మన దేశంలో కాన్పూర్ ఐఐటీలో పి.సి. కపూర్ పల్లెల్లో వాడదగిన ఊక పొయ్యిని రూపొందించి, ఆ బూడిదతో సున్నం కలిపే బంధక పదార్థం మీద పనిచేశాడు. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో గ్రామీణ సాంకేతికత కోసం ఏర్పడిన అస్త్ర విభాగంలో కె.ఎస్. జగదీశ్, ఎం.ఆర్. యోగానంద ఊక బూడిద, కాల్చిన మట్టి వంటి వాటి పొజ్జొలానా గుణాన్ని పరీక్షించారు. సున్నంతో కలిసి నీటిలో గట్టిపడే గుణాన్నే పొజ్జొలానా గుణం అంటారు. కాంక్రీటు పనులకు మన ప్రామాణిక నిబంధనావళి ఐఎస్ 456, 2000 నాటి కూర్పులో ఊక బూడిదకు చోటిచ్చింది. కావలసిన పనితనం, ఏకరూపత చూపితే అధికారి ఆమోదంతో వాడవచ్చని అందులో ఉంది. అస్ఫటిక స్థితి కోసం అదుపైన వేడిలో కాల్చవచ్చని కూడా చెప్పింది. ఏకరూపత అన్న ఆ షరతు దగ్గరే ఊక బూడిద చాలాచోట్ల ఆగిపోతోంది. దాన్ని నిరూపించాలంటే కొలత కావాలి. విజయవాడ దగ్గర ఇబ్రహీంపట్నం థర్మల్ కేంద్రం నుంచి వచ్చే బొగ్గు బూడిద ఒకే చోట, ఒకే తీరులో పుడుతుంది. ఊక బూడిద ఊరికో తీరుగా పుడుతుంది.

నమూనా

కొలతలో తప్పులు ఎక్కువగా ప్రయోగశాలలో కాదు, కుప్ప దగ్గర మొదలవుతాయి. బూడిద కుప్ప పైపొర చల్లారి గాలికి తెల్లబడుతుంది. నడిబొడ్డు రోజుల తరబడి నిప్పుగా ఉండి స్ఫటికంగా మారుతుంది. అడుగు నేలమట్టి కలిసి ఉంటుంది. ఒక చోట నుంచి గుప్పెడు తీసుకుని పరీక్షకు పంపితే వచ్చే ఫలితం ఆ గుప్పెడికే చెల్లుతుంది. బాయిలర్లో కూడా జల్లెడ కింద పడే బూడిద వేరు, పొగతో పాటు ఎగిరి, ధూళిని వేరుచేసే సైక్లోను పరికరంలో పట్టుబడే బూడిద వేరు. రెండూ విడివిడిగా తీసుకోవాలి. కుప్పలో లోతుగా పలుచోట్ల నుంచి తీసి, బాగా కలిపి, శంకువులా పోసి, నాలుగు భాగాలు చేసి, ఎదురెదురు రెండు భాగాలను ఉంచి మిగతాది తీసేస్తూ తగ్గించుకుంటూ రావాలి. తర్వాత 105 నుంచి 110 డిగ్రీల దగ్గర ఆరబెట్టి మెత్తగా నూరాలి. గట్టిగా, అతిగా నూరినా ఇబ్బందే. స్ఫటిక రేణువుల పైపొర దెబ్బతిని అస్ఫటికంలా కనిపించవచ్చు.

కృష్ణా డెల్టాలో ఇంకో చిక్కు ఉంది. యంత్రాలతో కోసిన తడి ధాన్యాన్ని రోడ్ల మీద, గట్ల మీద ఆరబోస్తారు. ఇసుక, నల్లరేగడి దుమ్ము ధాన్యంతో పాటు మిల్లుకు వెళ్లి ఊకలో చేరుతుంది. కాల్చాక బూడిదలో కనిపించే క్వార్ట్జ్ అనే మరో స్ఫటిక సిలికా చాలాసార్లు ఆ ఇసుకే. ఊకలోని సిలికా మామూలు మంటలో క్వార్ట్జ్‌గా మారదు, క్రిస్టోబలైట్ వైపు వెళుతుంది. కాబట్టి నివేదికలో క్వార్ట్జ్‌నూ క్రిస్టోబలైట్‌నూ కలిపి ఒక్క స్ఫటిక సిలికా అంకెగా రాయడం సరికాదు. మొదటిది ధాన్యం ఆరబోసిన తీరు గురించి చెబుతుంది, రెండోది మంట గురించి. మిల్లు యజమాని సరిదిద్దుకోవలసింది ఏమిటో ఈ తేడా వల్లే తెలుస్తుంది.

మొత్తం సిలికా, దహన నష్టం

అస్ఫటిక భాగాన్ని తేల్చే ముందు రెండు అంకెలు చేతిలో ఉండాలి. మొదటిది దహన నష్టం. బూడిదను మఫిల్ కొలిమిలో సుమారు 900 నుంచి 1000 డిగ్రీల వద్ద బరువు స్థిరపడే వరకు కాలిస్తే పోయే బరువులో ఎక్కువ భాగం మిగిలిన బొగ్గు. రెండోది మొత్తం సిలికా. ప్లాటినం మూసలో హైడ్రోఫ్లోరిక్, సల్ఫ్యూరిక్ ఆమ్లాలతో వేడిచేస్తే సిలికా సిలికాన్ టెట్రాఫ్లోరైడ్ వాయువుగా పోతుంది. తగ్గిన బరువే సిలికా. హైడ్రోఫ్లోరిక్ ఆమ్లం చర్మాన్నీ ఎముకనూ తినేసే ప్రమాదకర పదార్థం కనుక ఇప్పుడు ఎక్కువ ప్రయోగశాలలు ఎక్స్‌రే ఫ్లోరెసెన్స్ వైపు మొగ్గుతున్నాయి.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. దహన నష్టం తీసిన మూసలో మిగిలిన తెల్లని పొడిని అస్ఫటికత పరీక్షకు వాడకూడదు. ఆ వేడిలో అస్ఫటిక సిలికా కొంత స్ఫటికంగా మారిపోతుంది. కొలవబోయే గుణాన్ని కొలిచే క్రమంలోనే చెరిపేసినట్టవుతుంది. బొగ్గు అడ్డం వస్తుందనిపిస్తే 550, 600 డిగ్రీల మధ్య నిదానంగా కాల్చి తీసేయాలి.

కరిగించి కొలవడం

అస్ఫటిక సిలికా సులభంగా కరుగుతుంది, స్ఫటిక సిలికా కరగడానికి మొరాయిస్తుంది. 25 డిగ్రీల నీటిలో అస్ఫటిక సిలికా లీటరుకు సుమారు 100 నుంచి 120 మిల్లీగ్రాముల వరకు కరిగితే, క్వార్ట్జ్ పది మిల్లీగ్రాముల దరిదాపుల్లో ఆగిపోతుంది. నీటి క్షారత పెరిగేకొద్దీ కరగడం వేగంగా పెరుగుతుంది. రసాయన పద్ధతులన్నీ ఈ తేడా మీదే నిలబడ్డాయి.

మెహతా వాడిన పద్ధతిలో బూడిదను అవసరానికి మించిన 0.5 నార్మల్ సోడియం హైడ్రాక్సైడ్ ద్రావణంలో మూడు నిమిషాలు మరిగిస్తారు. అందుబాటులో ఉన్న సిలికాలో ఎంత శాతం ఆ వ్యవధిలో కరిగిందో అదే సిలికా చురుకుదనపు సూచిక. ఇది మొత్తం అస్ఫటిక సిలికా మోతాదు కాదు. ఎంత త్వరగా కరుగుతుందో చెప్పే అంకె. ఐరోపా సిమెంటు ప్రమాణాల్లో చర్యాశీల సిలికా అన్న నిర్వచనం ఇంకోలా ఉంటుంది. ముందు హైడ్రోక్లోరిక్ ఆమ్లంతో, తర్వాత మరిగే పొటాషియం హైడ్రాక్సైడ్‌తో చర్య జరిపి, కరగకుండా మిగిలిన సిలికాను మొత్తంలోంచి తీసేస్తారు. సిమెంటులో కలిపే సహజ పొజ్జొలానాలో ఇది కనీసం 25 శాతం ఉండాలని ఆ ప్రమాణం అడుగుతుంది. మంచి ఊక బూడిద ఆ గీతకు ఎంతో పైన నిలుస్తుంది.

క్షారంతో పనిచేసేటప్పుడు తెలియకుండా జరిగే పొరపాటు ఒకటుంది. మరిగే క్షారం గాజు బీకరును కూడా కరిగిస్తుంది. బీకరు నుంచి వచ్చిన సిలికా బూడిద ఖాతాలో పడుతుంది. టెఫ్లాన్, పాలీప్రొపిలీన్ లేదా నికెల్ పాత్రలు వాడాలి. బూడిద వేయకుండా అదే ద్రావణాన్ని అంతసేపూ మరిగించి వచ్చిన అంకెను తీసేయాలి. కళాశాలల ప్రయోగశాలల్లో ఈ రెండో పని చేయకుండా ఫలితాలు రాసేయడం మామూలు. దానివల్ల నాసిరకం బూడిద కూడా మంచిదిగా కనిపిస్తుంది.

కరిగిన సిలికాను లెక్కించడానికి ఎక్కువగా మాలిబ్డేట్ రంగు పద్ధతి వాడతారు. ఆమ్లత సరిచేసిన ద్రావణంలో అమ్మోనియం మాలిబ్డేట్ కలిపితే పసుపు రంగు సంయోగం ఏర్పడుతుంది. దాన్ని క్షయకరణం చేస్తే ముదురు నీలం వస్తుంది. నీలం రంగును 810 నానోమీటర్ల దగ్గర కొలుస్తారు. చాలా తక్కువ మోతాదులకు ఇదే నమ్మదగినది. కానీ భాస్వరం కూడా మాలిబ్డేట్‌తో ఇలాంటి రంగే ఇస్తుంది. హల్లరు మిల్లు ఊకలో తవుడు కలిసి ఉంటే ఆ భాస్వరం సిలికాగా లెక్కకొస్తుంది. ఆక్సాలిక్ లేదా టార్టారిక్ ఆమ్లం కలిపి భాస్వరపు రంగును విరిచేయాలి. ఇంకొకటి, మాలిబ్డేట్ విడి సిలిసిక్ ఆమ్లంతోనే త్వరగా చర్య జరుపుతుంది. గొలుసులుగా కలిసిపోయిన సిలికాను పట్టుకోలేదు. క్షార ద్రావణాన్ని ఆమ్లం చేసేముందు బాగా పలుచన చేయకపోతే అంకె తక్కువగా వస్తుంది.

ఊక బూడిద కోసమే రూపొందించిన త్వరిత పద్ధతిని స్పెయిన్‌లోని వాలెన్సియాకు చెందిన హోర్హె పయా, సహచరులు 2001లో ప్రచురించారు. బూడిదను గ్లిసరాల్‌తో వేడిచేస్తే అస్ఫటిక సిలికా గ్లిసరోసిలికేట్‌గా ద్రావణంలోకి వస్తుంది. స్ఫటిక భాగం వెనక ఉండిపోతుంది. ఆ ద్రావణాన్ని గ్లిసరాల్‌లో కరిగించిన బేరియం హైడ్రాక్సైడ్‌తో అంశమాపనం చేస్తారు. ఖరీదైన యంత్రం అక్కర్లేదు, బ్యూరెట్టు చాలు. మిల్లుల దగ్గర్లోని చిన్న ప్రయోగశాలకు సరిపోయే పద్ధతి ఏదని అడిగితే ఈ వ్యాసకర్త మొదట చెప్పేది ఇదే. నీటి తేమ, గాలిలోని బొగ్గుపులుసు వాయువు బేరియం ద్రావణాన్ని పాడుచేస్తాయి కాబట్టి దాని బలాన్ని తరచూ సరిచూసుకోవాలి.

కరిగించే పద్ధతులన్నిటికీ ఒక హద్దు ఉంది. మెత్తగా నలిగిన క్రిస్టోబలైట్ కూడా మరిగే క్షారంలో కొంత కరుగుతుంది. కరిగిన పొటాషియం పొర వెనక, బొగ్గు వెనక దాగిన అస్ఫటిక సిలికా ఆలస్యంగా కరుగుతుంది. మూడు నిమిషాలనో గంట అనో ఒకే చోట ఆపి తీసిన అంకెలో ఈ రెండు తప్పులూ ఉంటాయి. దీనికి సముద్ర శాస్త్రం నుంచి ఒక మార్గం దొరుకుతుంది. సముద్రపు అడుగు మట్టిలో డయాటమ్ అనే సూక్ష్మజీవుల అస్ఫటిక సిలికాను కొలవడానికి డేవిడ్ డిమాస్టర్ 1981లో చెప్పిన పద్ధతిలో 85 డిగ్రీల సోడియం కార్బొనేట్ ద్రావణంలోంచి గంటగంటకూ నమూనా తీసి గ్రాఫు గీస్తారు. మొదట గీత నిటారుగా లేస్తుంది, అది అస్ఫటికం. తర్వాత మెల్లగా వాలుగా సాగుతుంది, అది ఖనిజాల నుంచి నిదానంగా కరిగేది. ఆ వాలు గీతను వెనక్కి పొడిగించి కాలం సున్నా దగ్గర ఎక్కడ తాకుతుందో చూస్తే అస్ఫటిక భాగం తెలుస్తుంది. ఊక బూడిదకు కూడా ఒక్క అంకె కన్నా ఇలాంటి గీత ఎంతో నిజాయితీగా మాట్లాడుతుంది.

ఎక్స్‌రే వివర్తనం

పొడి మీద ఎక్స్‌రే కిరణాలు పడ్డప్పుడు స్ఫటికాలు నిర్దిష్ట కోణాల్లో పదునైన శిఖరాలు ఇస్తాయి. అస్ఫటిక సిలికా మాత్రం, రాగి లక్ష్యపు కిరణాలతో, 22 డిగ్రీల చుట్టూ వెడల్పాటి గుట్టలా కనిపిస్తుంది. క్వార్ట్జ్ ప్రధాన శిఖరం 26.6 డిగ్రీల దగ్గర విడిగా నిలబడుతుంది. క్రిస్టోబలైట్ ప్రధాన శిఖరం 21.9 డిగ్రీల దగ్గర, సరిగ్గా అస్ఫటిక గుట్ట నెత్తిమీదే వస్తుంది. స్ఫటికాలు చాలా చిన్నవైతే ఆ శిఖరం కూడా వెడల్పై గుట్టలో కలిసిపోతుంది. అప్పుడు మామూలుగా చూసినవారు బూడిదంతా అస్ఫటికమే అనుకుంటారు. అందుకే శిఖరం కనబడలేదని రాసినప్పుడు, ఎంత శాతం దాకా ఉంటే ఆ యంత్రానికి కనబడేదో కూడా రాయాలి. సాధారణ యంత్రాలకు ఒకటి రెండు శాతం కన్నా తక్కువ స్ఫటికం పట్టుబడటం కష్టం.

అంకె కావాలంటే తెలిసిన స్ఫటిక పదార్థాన్ని, కోరండం లాంటిదాన్ని, తూచి కలిపి, నెదర్లాండ్స్ శాస్త్రవేత్త హ్యూగో రీట్వెల్డ్ 1969లో పూర్తి రూపమిచ్చిన లెక్కింపు పద్ధతిని వాడతారు. ఈ లెక్క స్ఫటికాలను మాత్రమే చూస్తుంది, వాటన్నిటినీ కలిపి నూరు శాతం చేస్తుంది. కాబట్టి మనం కలిపిన కోరండం ఉన్నదానికన్నా ఎక్కువగా కనిపిస్తుంది. ఆ అదనమే కనబడని అస్ఫటికం ఎంతో చెబుతుంది.

ఒక ఊహాత్మక లెక్క చూద్దాం. 80 భాగాల బూడిదకు 20 భాగాల కోరండం కలిపామనుకుందాం. లెక్కలో కోరండం 80 శాతమని వచ్చింది. నిజంగా ఉన్నది 20 కాబట్టి మొత్తం స్ఫటికాలు 25 భాగాలు. అందులో కోరండం పోగా బూడిద నుంచి వచ్చినది 5 భాగాలు. 80 భాగాల బూడిదలో 5 అంటే 6.25 శాతం స్ఫటికం. మిగతా 93.75 శాతం అస్ఫటికం. ఈ 93.75ను అస్ఫటిక సిలికా అని రాసేస్తే పెద్ద తప్పు. బొగ్గు కూడా అస్ఫటికమే. దహన నష్టం 8 శాతమైతే మిగిలేది 85.75. అందులో పొటాషియం, కాల్షియం వంటివి కలిసిన గాజు పదార్థం కూడా ఉంటుంది. రసాయన విశ్లేషణలో మొత్తం సిలికా 87 శాతం వచ్చి, స్ఫటికమంతా సిలికాయే అయితే, అస్ఫటిక సిలికా 87 నుంచి 6.25 తీసేయగా 80.75 శాతం. మూడు పరీక్షల అంకెలూ ఇలా ఒకదానితో ఒకటి సరిపడాలి. ఒక్క ఎక్స్‌రే పటం చూపించి 94 శాతం అస్ఫటిక సిలికా అని ఎవరైనా అమ్మజూపితే కొనేవారు దహన నష్టం ఎంతని అడగాలి.

పరారుణ వర్ణపటం త్వరగా చూసుకోవడానికి ఉపయోగం. క్రిస్టోబలైట్ ఉంటే సెంటీమీటరుకు 620 తరంగాల దగ్గర చిన్న పట్టీ కనిపిస్తుంది, అస్ఫటిక సిలికాలో అది ఉండదు. క్వార్ట్జ్‌కు 798, 779 దగ్గర జంట పట్టీలు ఉంటాయి. ఉష్ణ విశ్లేషణలో క్వార్ట్జ్ 573 డిగ్రీల దగ్గర, క్రిస్టోబలైట్ 200 నుంచి 270 మధ్య రూపం మారే ఆనవాళ్లు ఇస్తాయి.

పనితనాన్ని పరీక్షించడం

కాంక్రీటు వేసేవారికి చివరికి కావలసింది బూడిద ఏం చేస్తుందన్నది. 1967 నాటి భారతీయ ప్రమాణం ఐఎస్ 1727లో సున్నపు చర్యాశీలత పరీక్ష ఉంది. తడిసున్నం, పొజ్జొలానా, ప్రామాణిక ఇసుక కలిపి 50 మిల్లీమీటర్ల ఘనాలు పోసి, వాటిని 50 డిగ్రీల వేడిలో తేమ నిండిన గాలిలో ఎనిమిది రోజులు ఉంచుతారు. మొత్తం పది రోజుల వయసుకు నలిపి బలం చూస్తారు. ఇసుక తమిళనాడులోని ఎన్నూరు నుంచి వస్తుంది. ఊక బూడిద రేణువుల నిండా రంధ్రాలు ఉంటాయి కనుక నీరు చాలా తాగుతుంది. ఆ నీరు ఘనం బలాన్ని తగ్గిస్తుంది. మంచి అస్ఫటిక బూడిద కూడా ఈ కారణంగా తక్కువ మార్కులు తెచ్చుకోవచ్చు.

అంతసేపు ఆగలేనివారికి స్పెయిన్‌లో లుషాన్ బృందం 1989లో చెప్పిన విద్యుద్వాహకత పరీక్ష ఉంది. సున్నం తేరిన నీరు 200 మిల్లీలీటర్లు 40 డిగ్రీల దగ్గర ఉంచి, ఐదు గ్రాముల బూడిద వేసి, రెండు నిమిషాల్లో వాహకత ఎంత తగ్గిందో చూస్తారు. సెంటీమీటరుకు 1.2 మిల్లీసీమెన్‌ల కన్నా ఎక్కువ తగ్గితే మంచి చురుకుదనం, 0.4 కన్నా తక్కువైతే లేనట్టే. ఊక బూడిదకు దీన్ని వాడేటప్పుడు జాగ్రత్త. బూడిదలోని పొటాషియం లవణాలు నీటిలో కరిగి వాహకతను పెంచుతాయి, తగ్గుదలను కప్పేస్తాయి. బూడిదను మామూలు నీటిలో వేసి విడిగా ఆ పెరుగుదల చూసి సరిచేయాలి. ఈ పరీక్షలు చురుకుదనాన్ని చెబుతాయి. అది అస్ఫటిక భాగం మీదే కాక, నూరిన తీరు మీద, ఉపరితల వైశాల్యం మీద కూడా ఆధారపడుతుంది.

ఎవరికి ఏ అంకె

సోడియం సిలికేట్, అవక్షేప సిలికా తయారుచేసేవారికి క్షారంలో కరిగే భాగమే డబ్బు. కరగని క్రిస్టోబలైట్ అంతా వారికి వ్యర్థం. బెంగళూరు భారతీయ విజ్ఞాన సంస్థ ఊక బూడిదను క్షారంలో కరిగించి, బొగ్గుపులుసు వాయువుతో సిలికాను తిరిగి అవక్షేపించే విధానం రూపొందించింది. అలాంటి యూనిట్లకు కరిగించే పరీక్షే సరైన ధర కట్టే కొలత. ఉక్కు కర్మాగారాల్లో కరిగిన లోహం పైన వేడి పోకుండా చల్లే బూడిదకు అస్ఫటికత పట్టింపు లేదు, అక్కడ స్ఫటిక బూడిద కూడా అమ్ముడుపోతుంది. ధర ఎక్కువ ఇచ్చే కొనుగోలుదారు ఏ రకం అడుగుతున్నాడో తెలియక, అస్ఫటిక బూడిదను గుంతలు పూడ్చడానికి ఇచ్చేసే మిల్లు చాలా పోగొట్టుకుంటుంది.

బూడిద ఎత్తే హమాలీల సంగతి వీటన్నిటికన్నా ముందు రావలసినది. క్వార్ట్జ్, క్రిస్టోబలైట్ రూపాల్లో పీల్చే స్ఫటిక సిలికాను అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లో మనుషులకు క్యాన్సర్ కలిగించే మొదటి వర్గంలో చేర్చింది. అస్ఫటిక సిలికాను మూడో వర్గంలో, అంటే తేల్చి చెప్పడానికి ఆధారాలు చాలని వాటిలో ఉంచింది. సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బుకు మందు లేదు, రాకుండా చూసుకోవడమే మార్గం. ఇక్కడ కుప్ప మొత్తానికి వచ్చిన శాతం సరిపోదు. ఊపిరితిత్తుల లోతుకు వెళ్లేది అతి సన్నని ధూళి. అందులో క్రిస్టోబలైట్ శాతం కుప్పలోని సగటుకన్నా ఎక్కువో తక్కువో కావచ్చు. కూలీ ముక్కు దగ్గర్లో చిన్న పంపుతో వడపోత కాగితం మీద గాలిని పట్టి, ఆ కాగితం మీది ధూళిని ఎక్స్‌రేతోనో పరారుణంతోనో విడిగా కొలవాలి. బూడిదను తడిపి ఎత్తడం, బాయిలర్ మంటను 700 దాటనీయకుండా చూడటం, వేడి బూడిదను పెద్ద కుప్పలుగా మగ్గనీయకుండా పలుచగా పరిచి చల్లార్చడం ఈ ప్రమాదాన్ని తగ్గిస్తాయి. ఈ జాగ్రత్తలే బూడిదలో అస్ఫటిక భాగాన్ని కూడా కాపాడతాయి.